ముందు పెట్టెలు, తర్వాత యంత్రం

నదుల లెక్కల ఆఫీసులో ఆయన్ని అందరూ ఆపొద్దు గారనే అంటారు. ఆ పేరు ఎవరు పెట్టారో ఇప్పుడు ఎవరికీ గుర్తులేదు గానీ, ఎందుకు పెట్టారో కొత్తగా చేరినవాళ్ళకి కూడా వారం తిరక్కుండానే తెలిసిపోతుంది. కంప్యూటర్ కాస్త నెమ్మదించినా, ప్రింటర్ మొరాయించినా గుమాస్తా మొదలుకొని ఇంజనీర్ల దాకా అందరికీ తట్టే ఉపాయం ఒకటే: ఒకసారి ఆపేసి మళ్ళీ వేస్తే పోలా? ఆ మాట ఎవరి నోట వచ్చినా సరే, నడవా చివరి గది తలుపు తెరుచుకుంటుంది. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకుంటూ ఆయన బయటికొచ్చి "ఆపొద్దు" అంటారు. రెండో మాట ఉండదు. తలుపు మూసుకుంటుంది.

నోట్లో నాలుక లేని మనిషి అని ఆయన్ని ఎరిగినవాళ్ళంతా చెబుతారు. క్యాంటీన్‌లో చల్లారిన టీ ఇచ్చినా తాగేసి వస్తారు. ఈ ఒక్క విషయంలో మాత్రం ఉడుంపట్టు. ఆ గదిలో యూనిక్స్ అనే వ్యవస్థ మీద నడిచే, బీరువా అంత ఎత్తున్న కంప్యూటర్ ఒకటి ఉంది. ఏసీ చలికి ఎండాకాలంలో కూడా స్వెటర్ వేసుకుని ఆయన దాని పక్కనే కూర్చుంటారు. పై అంతస్తుల్లో ఒకరు గీసే పటం, ఇంకొకరు కట్టే లెక్క, మరొకరు వెతికే పాత వానల వివరం, అన్నీ ఒకేసారి దానిలోనే నడుస్తుంటాయి. ఒకరి ప్రింటర్ కోసం అందరి పనీ కూలదోయడం ఎలుకలున్నాయని ఇల్లు తగలబెట్టుకోవడమే అని ఆయన వాదన. వాదన అంటే ఎవరితోనూ వాదించరు. ఆపరు, అంతే.

గత్యంతరం లేక ఆపాల్సి వస్తే, తిరిగి లేపడానికి ఒక వరుస ఉంది. ముందు పెట్టెలు, తర్వాత యంత్రం. కంప్యూటర్ పక్కన అరల్లో డిస్కుల పెట్టెలుంటాయి, లెక్కల ఫలితాలన్నీ దాచేది వాటిలోనే. మొదట ఆ పెట్టెల స్విచ్చులు వేసి, పచ్చదీపాలు నిలకడగా వెలిగేదాకా ఆగి, అప్పుడు కంప్యూటర్ మీద చెయ్యి వెయ్యాలి. ఎందుకంటే అది నిద్రలేచేటప్పుడు బడిపంతులు హాజరు తీసుకున్నట్టు తన తీగల వెంట ఎవరెవరున్నారో ఒకసారి అడుగుతుంది. పలికిన పెట్టెకి ఒక పేరిచ్చి గుర్తుపెట్టుకుంటుంది. ఆ వేళకి నిద్రపోతున్న పెట్టె తర్వాత ఎంత వెలిగినా దాని దృష్టిలో లేనట్టే. పక్కనే ఉంటుంది, తీగ తగిలించే ఉంటుంది, అయినా లేదు.

అలాంటప్పుడు అందరూ చేసేది రీస్టార్ట్. నిజానికి అంత అవసరం లేదు. మరోసారి చుట్టూ చూడు అని యూనిక్స్‌కి చెప్పే కమాండ్ ఉంది. చెబితే నడుస్తున్న పని నడుస్తుండగానే మళ్ళీ అందరినీ పలకరించి, కొత్తగా వెలిగినవాళ్ళకి పేరిస్తుంది. ఆయనకి ఆ కమాండ్ కంఠతా వచ్చు. కానీ దాన్ని తలుచుకుంటే కొంచెం భయం కూడా. దీనికి ముందున్న పాత కంప్యూటర్‌తో ఒకసారి ఇలాగే మళ్ళీ చూడమన్నారు. అది చూడబోయి, చూస్తూ చూస్తూ రాయిలా బిగుసుకుపోయింది. దానితోపాటు ఆఫీసు మొత్తం పని పోయింది. అప్పటినుంచి, ఈ కొత్త కంప్యూటర్‌లో ఎవరిదైనా పెద్ద లెక్క నడుస్తుంటే ఆ కమాండ్ జోలికి వెళ్ళలేదు.

ఇది ఆఫీసు సంగతి. ఇంటి సంగతి వేరే.

ఆయన పెళ్ళి ఆలస్యంగా జరిగింది. ముందుగదిలో కుట్టుమిషన్ పెట్టుకుని బట్టలు కుట్టే ఆవిణ్ణి చేసుకున్నారు. మొదటి భర్త పోయాక ఒంటిచేత్తో ఇల్లు నెట్టుకొచ్చిన మనిషి. అప్పటికే పెద్ద క్లాసుకొచ్చిన కూతురు ఉంది. పెళ్ళయిన మర్నాడు పిన్ని ఒకావిడ ఆ పిల్ల బుగ్గ పుణికి, ఆయన్ని బాబాయ్ అని పిలువమ్మా అంది. పిల్ల కళ్ళెత్తి చూసి లోపలికి వెళ్ళిపోయింది. ఆయనకి పాపం, పిల్లని ఇబ్బంది పెట్టడం ఇష్టంలేదు. ఎలా పిలిచినా పర్వాలేదు, అసలు పిలవకపోయినా పర్వాలేదు అని గుమ్మంలో నిలబడి చెప్పారు. పిల్ల ఆ రెండోదే ఖాయం చేసుకుంది.

ఆనాటి నుంచి ఆ ఇంట్లో మాటలన్నీ తల్లి మీదుగానే నడిచాయి. వాన పడేలా ఉందమ్మా, ఆయన్ని గొడుగు తీసుకెళ్ళమను అని కూతురు అంటుంది. ఆయన రెండడుగుల దూరంలో చెప్పులేసుకుంటూ ఉంటారు. విన్నానని చెప్పు అమ్మాయికి అని ఆయన అంటారు. మొదట్లో తల్లి పడీ పడీ నవ్వింది. తర్వాత విసుక్కుంది. ఆ తర్వాత అదీ ఒక పనే అన్నట్టు, మిషన్ మీదినుంచి తలెత్తకుండానే అటుమాట ఇటు, ఇటుమాట అటు అందించడం మొదలుపెట్టింది. కాకపోతే దర్జీ కదా, ఎక్కువైన గుడ్డ ఉంచే అలవాటు లేదు. ఆయన నాలుగు మాటలు చెబితే రెండు కత్తిరించి మిగిలినవే అందించేది.

అలాగని ఆ ఇద్దరికీ పడదని కాదు. పిల్ల పరీక్షలు రాస్తుంటే ఆయన గేటు బయట ఎండలో నిలబడేవారు. ఆయనకి జ్వరమొస్తే పిల్ల గంటగంటకీ వచ్చి గుమ్మంలోంచి చూసి, తల్లికి రిపోర్టు ఇచ్చేది. ప్రేమకేం తక్కువ లేదు, పిలుపుకే కరువు.

పిల్ల ఇంజనీరింగ్ చదివింది. పోటీ పరీక్ష రాసింది. ఉద్యోగం సరిగ్గా ఆయన ఆఫీసులోనే, పై అంతస్తులో వచ్చింది. ఆయన మనసులో ఎంత సంబరపడ్డారో ఆ కంప్యూటర్‌కే తెలియాలి. కానీ ఎవరికీ చెప్పలేదు. చెబితే సిఫార్సు మీద వచ్చిందంటారు, పిల్ల కష్టం బూడిదలో పోసినట్టవుతుంది. పెదవి దాటితే పృథివి దాటుతుంది. ఆమె ఇంటిపేరు ఎలాగూ వేరు. ఒకే ఇంట్లోంచి బయల్దేరి వేర్వేరు బస్సుల్లో వచ్చేవారు. నడవాలో ఎదురైతే ఆమె "నమస్తే సార్" అనేది, ఆయన తలూపేవారు. పై అంతస్తువాళ్ళ పనులన్నీ గుమాస్తా చేతుల మీదుగా కిందికి వస్తాయి. అంటే అక్కడా మధ్యవర్తే.

ఆమె మొదటిసారి సొంతంగా తలకెత్తుకున్న పని పల్లపు వీధి కరకట్ట. నది ఒడ్డున ఊరంతటికీ కిందుగా ఉండే వీధి అది. దాని ముందు కొత్త కట్ట కట్టబోతున్నారు. ఎంత ఎత్తు కట్టాలన్నదానికి ఆఫీసులో ఒక పాత అంకె ఉంది. నది అడుగున మేట పడకముందు ఎప్పుడో తేల్చిన అంకె. ఇప్పుడు అది చాలదని ఆమె నమ్మకం. ఆ వీధిలో ఇంటింటికీ తిరిగి, పోయినసారి వరదకి గోడల మీద పడ్డ నీటి చారలు టేపుతో కొలుచుకొచ్చింది. ఒక ముసలావిడ తన మంచం తేలుతూ వెళ్ళి ఏ కిటికీకి తగిలిందో చూపించిందట. ఆ కొలతలు, నది లోతులు, వానలు అన్నీ కలిపి లెక్క రాసింది. రాత్రీ పగలూ నడిచినా వారానికి పైగా పట్టే లెక్క. మధ్యలో ఆగితే మళ్ళీ మొదటికే. అది కట్ట ఎత్తు ఖాయం చేసే కమిటీ సమావేశం నాటికి తేలితే సరి. లేకపోతే పాత అంకె ప్రకారమే కట్ట పొట్టిగా లేస్తుంది, లేచిన కట్టని మళ్ళీ ఎవరూ పెంచరు.

సరిగ్గా అప్పుడే తల్లికి కంటి ఆపరేషన్ వచ్చిపడింది. ఆయన వారం పైన సెలవు పెట్టారు. ఆ సెలవు మొదటిరోజునే ఆఫీసులో కరెంటు బోర్డు మారుస్తామన్నారు. ముందురోజు సాయంత్రమే ఆయన కంప్యూటర్‌ని ఆపి, పెట్టెలన్నీ ఆపి, పసిబిడ్డని పొరుగింట్లో వదిలినట్టు వెనక్కి చూసుకుంటూ వెళ్ళారు. మళ్ళీ వేయడానికి ఎవరున్నారు? గుమాస్తా ఆ గదంటేనే దూరం. ఆస్పత్రి మంచం మీదినుంచి భార్యే అంది, అమ్మాయి ఉందిగా అని. ఆయన ముఖం వెలిగింది. ముందు పెట్టెలన్నీ వెయ్యాలి, వెనక అరలో ఒకటి ఉంది దాన్ని మర్చిపోకూడదు, పచ్చదీపాలు నిలబడాలి, ఆ తర్వాతే కంప్యూటర్ అని పూసగుచ్చినట్టు భార్యకి చెప్పారు. ఫోను ఆమె చేతికిచ్చారు. ఇంతలో నర్సు మందుల కోసం పిలిస్తే వెళ్ళారు. కంటికి కట్టుతో, మత్తు పూర్తిగా దిగని తల్లి కూతురితో చెప్పిన మాట ఇది: అన్నీ జాగ్రత్తగా వెయ్యమంటున్నారు.

కూతురు అన్నీ జాగ్రత్తగానే వేసింది. పెద్దది కదా అని ముందు కంప్యూటర్ వేసింది. అది బద్ధకంగా లేచేలోపు ముందు అరల్లోని పెట్టెలు వేసింది. అవి ఎలాగో హాజరుకి అందుకున్నాయి. వెనక అరలోది ఆఖర్న కనిపిస్తే వేసింది. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి. ఆమె సంతోషంగా పైకెళ్ళి తన లెక్క మొదలుపెట్టింది. ఆ లెక్క ఫలితాలు దాచడానికి ఆయన కేటాయించిన పెట్టె వెనక అరలోదే.

ఆయన సెలవు ముగించుకుని వచ్చేసరికి సమావేశం మర్నాటికి వచ్చింది. గదిలోకి రాగానే దీపాలు చూసుకున్నారు, అన్నీ పచ్చగానే ఉన్నాయి. స్వెటర్ తొడుక్కుని, డిస్కుల్లో ఎక్కడెంత చోటుందో కంప్యూటర్‌ని అడిగారు. స్క్రీన్ మీద వచ్చిన వరుసలో ఆ పెట్టె పేరు లేదు. మళ్ళీ చూశారు. లేదు. కంప్యూటర్ లోపల ఉండే చిన్న డిస్కు గొంతుదాకా నిండి ఉంది. తలుపు మీద పెట్టె పేరుంది, తలుపు వెనక గది లేదు. అది తెలియని లెక్క వారం నుంచీ తన ఫలితాల మూటలన్నీ తెచ్చి వరండాలోనే, అంటే ఆ చిన్న డిస్కులోనే పడేస్తోంది. వరండా సాయంత్రానికి నిండుతుంది. నిండిన మరుక్షణం లెక్క చచ్చిపోతుంది. తేలాల్సింది మాత్రం రేపు పొద్దున.

కబురందుకుని ఆమె మెట్లు దిగి వచ్చింది. వెనకే పెద్ద ఇంజనీరు గారు వచ్చారు, కమిటీ ముందు మాట్లాడాల్సింది ఆయనే. కంప్యూటర్ అమ్మిన కంపెనీకి ఫోన్ చేస్తే రీస్టార్ట్ చేయడమే శ్రేయస్కరం అన్నారు. పెద్ద ఇంజనీరు గారు నిట్టూర్చి, అయితే ఆపేసి మళ్ళీ మొదలుపెట్టండి, రేపటికి పాత అంకెతోనే నడిపిద్దాం, అంతకంటే ఏం చేస్తాం అని వెళ్ళిపోయారు. మంచివారే. తొందరలో ఉన్నారు.

ఆపొద్దు గారు "ఆపొద్దు" అనలేదు. ఆ ఆఫీసులో అది మొదటిసారి.

ఆయన తటపటాయించింది దేనికంటే, లెక్క ఆమెది. కమాండ్ ఇస్తే పెట్టె కనిపించవచ్చు, పాతదానిలా కంప్యూటర్ బిగుసుకుపోనూవచ్చు. తేల్చుకోవాల్సింది ఆమె. అడగాలి. ఆయన చెయ్యి దానంతట అదే ఫోను అందుకుని ఇంటికి కలిపింది. ఇలా ఉంది పరిస్థితి, ఇలా చేస్తే ఇలా అవ్వచ్చు, అమ్మాయి ఏమంటుందో కాస్త కనుక్కో అన్నారు.

"అమ్మాయి ఎక్కడుంది?" అంది భార్య.

"నా పక్కనే."

"నాకున్నది ప్రస్తుతం ఒక్క కన్నే. మీ ఇద్దరికీ నాలుగున్నాయి. ఒకళ్ళనొకళ్ళు చూసుకుని మాట్లాడుకోండి" అని పెట్టేసింది.

ఫోను పెట్టేసి ఆయన ఆమె వైపు తిరిగారు. ఆమె ముఖం పాలిపోయి ఉంది. నేనే ముందు కంప్యూటర్ వేశాను సార్, అమ్మ అన్నీ వెయ్యమంది, వరుస చెప్పలేదు అంది. ఆయన తల అడ్డంగా ఊపారు.

"అమ్మ తప్పు కాదు, నీ తప్పూ కాదు. నీకు చెప్పాల్సింది అమ్మకి చెప్పాను. జరిగింది అదే."

ఇన్నేళ్ళలో ఆమెతో ఆయన నేరుగా అన్న పొడవైన మాట అదే. తర్వాతి మాట కొంచెం తేలికైంది. రెండు దారులూ విడమరిచి చెప్పారు. పాత కంప్యూటర్ సంగతి కూడా దాచలేదు. ఆమె శ్రద్ధగా విని, బిగుసుకుపోతే అని అడిగింది. నీ లెక్క పోతుంది, నాకు చీవాట్లు వస్తాయి అన్నారు. ఆపేస్తే? నీ లెక్క ఎలాగూ పోతుంది, చీవాట్లు ఉండవు అన్నారు. ఆమెకి ఆ కంగారులోనూ నవ్వొచ్చింది.

"మీ లెక్కయితే ఏం చేస్తారు?"

"నేనైతే ఆపను."

"అయితే ఆపొద్దు" అంది.

ఆయన ముందుగా ఆమె లెక్కని కదలకుండా నిద్రపుచ్చారు. చంపడం వేరు, నిద్రపుచ్చడం వేరు, యూనిక్స్‌లో రెండింటికీ చోటుంది. తర్వాత కమాండ్ కొట్టి, నొక్కాల్సిన మీట మీద వేలు పెట్టి, ఒకసారి ఊపిరి పీల్చుకుని నొక్కారు. స్క్రీన్ మీద మిణుకుమనే గీత ఆగిపోయింది. ఇద్దరూ దానివైపే చూస్తున్నారు. వెనక అరలో పెట్టె లోపల ఏదో టక్కుమంది. గీత కదల్లేదు. పాత కంప్యూటర్ కూడా సరిగ్గా ఇలాగే మొదలుపెట్టింది. పై అంతస్తులో ఎవరో కుర్చీ జరిపిన చప్పుడు వినిపించింది. ఆమె చేతులు కట్టుకుని, కట్టిన చేతుల్లో తన కొంగు నలుపుతోంది. అప్పుడు ఒక వరుస వచ్చింది. దాని కింద ఇంకొకటి. రెండో వరుసలో పెట్టె ఉంది, దాని పక్కన కొత్త పేరుంది.

ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. మిగతాది ఓపికతో చేసే పని. వరండాలో పడున్న మూటల్లో లెక్క ముట్టుకోవడం ముగించినవి ఏవో ఆమె చెబుతుంటే, ఆయన వాటిని ఒక్కొక్కటీ పెట్టెలోకి చేర్చి, సరిగా చేరిందని చూసుకున్నాకే పాత చోటు ఖాళీ చేశారు. చోటు చాలినంత అయ్యాక లెక్కని లేపారు. అది ఎక్కడ కన్ను మూసిందో అక్కడే కన్ను తెరిచి, ఏమీ ఎరగనట్టు నడక సాగించింది.

ఆ మూటలు చేరుతున్నంతసేపూ చేసేదేమీ లేక ఇద్దరూ స్టూళ్ళ మీద కూర్చున్నారు. ఆమె వణుకుతుంటే ఆయన స్వెటర్ విప్పి ఇచ్చారు. అది వేసుకుని, స్క్రీన్ వైపే చూస్తూ ఆమె నెమ్మదిగా అంది.

"నేనిక్కడ చేరినప్పుడు మీరు ఎవరికీ చెప్పలేదు. మీ లెక్కలో నేను లేననుకున్నాను."

సిఫార్సు అంటారేమోనని, అని ఆయన గొణిగారు. పరీక్షలో మొదటి ర్యాంకు నాది సార్, ఎవరంటారు అంది. కోపంగా అనలేదు. ఆయన అన్నేళ్ళూ జాగ్రత్త అనుకున్నది ఆ పిల్లకి ఎలా తగిలిందో అప్పటికి తెలిసింది. బాధేసింది. క్షమించమని అడగాలనుకున్నారు గానీ, ఆ మాట గొంతులోనే ఉండగా చివరి మూట చేరినట్టు స్క్రీన్ చెప్పింది. ఆమె లేచి పైకి వెళ్ళింది.

లెక్క మర్నాడు పొద్దున తేలింది. కొత్త అంకె పాతదానికంటే నిలువెత్తు మనిషి నడుమంత ఎక్కువ.

సమావేశంలో పెద్ద ఇంజనీరు గారు ఆమెనే చెప్పమన్నారు. ఆమె లేచి గోడల మీది చారలు, మేట, మంచం తగిలిన కిటికీ అన్నీ చెప్పింది. ఎవరూ అడ్డం మాట్లాడలేదు. ఏదైనా అడిగితే చెప్పడానికని ఆపొద్దు గారు తలుపు పక్కన వెనక కుర్చీలో కూర్చున్నారు. అంకెకి ఒప్పుకోబోతూ, కమిటీలో పెద్దవారు ఒకాయన కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ అడిగారు: లెక్క మధ్యలో పెట్టె కనిపించలేదని విన్నాం, అంత పెద్ద పొరపాటు ఎవరివల్ల జరిగింది? ఆపొద్దు గారు లేవబోయారు, తన మీద వేసుకుందామని. ఆమె అప్పటికే మాట్లాడుతోంది.

"తప్పు ఎవరిదీ కాదండీ. కంప్యూటర్ ఎలా వెయ్యాలో సార్ అమ్మకి చెప్పారు, అమ్మ నాకు చెప్పింది. మధ్యలో సగం జారిపోయింది. మా ఇంట్లో అలాగే చెప్పుకుంటాం."

గదిలో ఎవరికీ అర్థం కాలేదు. మీ ఇంట్లోనా అన్నారు కమిటీ పెద్దాయన. గుమాస్తా చేతిలో కాగితాలు ఉన్నచోటే ఆగాయి. పెద్ద ఇంజనీరు గారు ఆమె వంక చూసి, తర్వాత మెల్లిగా వెనక కుర్చీ వైపు తిరిగారు. ఆమె మాత్రం తిరగలేదు. చెప్పాల్సింది చెప్పేసి, మిగతాది వదిలేసి నిలబడింది.

ఆపొద్దు గారు లేచి నిలబడ్డారు. కళ్ళజోడు నుదుటి మీదికి తోసుకున్నారు, మళ్ళీ దించుకున్నారు.

"అవునండీ" అన్నారు. "మా అమ్మాయి."

ఆమె కాదనలేదు. కమిటీ పెద్దాయన కళ్ళజోడు పెట్టుకుని, అయితే కట్ట ఎత్తు అమ్మాయి చెప్పినట్టే రాసుకోమన్నారు.